వేడినీళ్ల దేశంలో



ఒక గ్లాసు నీళ్లతో మొదలుపెడతాను.

2019 జులై నెల. బీజింగ్ నగరం. మన విజయవాడ ఎండను గుర్తుకు తెచ్చే ఎండ. పొద్దుటి నుంచి నడిచి నడిచి మావారూ నేనూ ఒక చిన్న భోజనశాలలో కూలబడ్డాం. నోరు పిడచగట్టుకుపోయింది. నీళ్లు కావాలని సైగ చేశాను. అక్కడ వడ్డించే అమ్మాయి తలూపి లోపలికి వెళ్లింది. రెండు గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. ఆత్రంగా గ్లాసు పట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది. పొగలు కక్కుతున్న వేడినీళ్లు!

చల్లటివి కావాలని మళ్లీ సైగ చేశాను. ఆ పిల్ల గ్లాసు తీసుకెళ్లి ఇంకోటి తెచ్చింది. అవీ వేడివే. కాకపోతే కాస్త తక్కువ వేడి.

నిజం చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దాహం వల్ల కాదు. మంచినీళ్లు అడగడం కూడా నాకు చేతకాదా అనిపించింది. యాభై ఏళ్లు వచ్చాయి. ఇల్లు నడిపాను, పిల్లల్ని పెంచాను, బళ్లో పాఠాలు చెప్పాను. ఆ బల్ల ముందు మాత్రం మాటలు రాని పసిపిల్లనైపోయాను.

ఇలాంటి స్థితికి ఒక పేరుంది. కల్చర్ షాక్. కొత్త దేశంలో, కొత్త పద్ధతుల మధ్య మనసుకు తగిలే దెబ్బ. కాలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో బ్రెజిల్‌లోని రియో నగరంలో దీని మీద ఒక ప్రసంగం చేశారు. ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది ఆ ప్రసంగంతోనే. ఆయన చెప్పింది చాలా తేలికైన సంగతి. మన ఊళ్లో మనకు తెలియకుండానే వందల గుర్తుల మీద ఆధారపడి బతుకుతాం. ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు తలూపాలి, ఎవరిని ఏమని పిలవాలి, డబ్బు ఎప్పుడు ఇవ్వాలి. ఇవన్నీ మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. ఆ గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమైపోతే మనిషి తల్లడిల్లిపోతాడు. అదీ సంగతి. పెద్ద పెద్ద విషయాలు కాదు, చిన్న చిన్న గుర్తులు మాయమవడం.

కల్చర్ షాక్ లక్షణాలు కూడా ఆయన చెప్పారు. మాటిమాటికీ చేతులు కడుక్కోవడం. తాగే నీళ్ల గురించి, తినే తిండి గురించి అతిగా బెంగపడటం. చిన్న ఆలస్యానికే భగ్గుమనడం. ఇంటి కాఫీ కోసం ప్రాణం పీకడం. నేను ఇవన్నీ తర్వాత చదివాను. చదువుతుంటే మా ప్రయాణంలో అయిదో రోజున నన్నెవరో పక్కనే కూర్చుని చూసి రాసినట్టు అనిపించింది.

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, మన దేశానికీ చైనాకూ మధ్య 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు మళ్లీ మొదలయ్యాయి. చైనా వెళ్లేవాళ్లు ఇకమీద పెరుగుతారు. మన తెలుగు పిల్లలు వైద్యవిద్య కోసం ఎప్పటి నుంచో అక్కడికి వెళ్తూనే ఉన్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలూ ఉన్నారు. వాళ్లకోసమే ఇదంతా.

ముందు ఆ వేడినీళ్ల సంగతి తేల్చేస్తాను.

చైనాలో కుళాయి నీళ్లు కాచకుండా తాగరు. 1952లో అక్కడ ఊరూరా ఒక ఆరోగ్య ఉద్యమం నడిచింది. ఈగలు, దోమలు, ఎలుకలు పోవాలి, జబ్బులు రాకూడదు అని. నీళ్లు కాచి తాగే అలవాటు అలా ఇంటింటా బలపడింది. దానికి తోడు చల్లటి నీళ్లు కడుపుకు మంచివి కావని వాళ్ల సంప్రదాయ వైద్యం చెబుతుంది. అందుకే రైలు పెట్టెలో వేడినీళ్ల కుళాయి, స్టేషన్లో వేడినీళ్ల కుళాయి, విమానాశ్రయంలో వేడినీళ్ల కుళాయి.

ఇప్పుడు ఆ పిల్ల వైపు నుంచి ఆలోచించండి. ఎండన పడి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు. వాళ్ల కడుపుకు ఏది మంచిదో అది తెచ్చి పెట్టింది. మన ఇంటికి ఎవరైనా వస్తే కాళ్లకు నీళ్లిచ్చి, కుండలో చల్లటి మంచినీళ్లు ముంచి ఇస్తాం. ఆమె చేసింది కూడా అదే. మన మర్యాద చల్లగా ఉంటుంది, వాళ్ల మర్యాద వేడిగా ఉంటుంది.

ఈ సంగతి తెలిసిన రోజున మేమిద్దరం చెరో స్టీలు ఫ్లాస్కు కొనుక్కున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడితో ఇక కాఫీకి లోటు లేకుండా పోయింది. చైనాలో ఎక్కడికి పోయినా వేడినీళ్లు ఊరికే దొరుకుతాయి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫ్లాస్కు, కాఫీ పొడి, వేడినీళ్లు. సగం బెంగ తీరిపోతుంది.

ఇక తిండి.

చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అంత పెద్ద దేశానికీ ఒకటే టైము. వాళ్లు మధ్యాహ్నం పదకొండున్నరకే భోజనానికి కూర్చుంటారు. అప్పటికి మన కడుపులో తొమ్మిది గంటలు. అంటే ఇంకా టిఫిను వేళ. సాయంత్రం ఆరింటికి రాత్రి భోజనం. మన కడుపు లెక్కలో అది మధ్యాహ్నం మూడున్నర. మనకు ఆకలేసేసరికి చిన్న భోజనశాలల్లో పొయ్యి ఆర్పేసి ఉంటారు. మొదటి మూడు రోజులూ మేం అలాగే పస్తు పడుకున్నాం. ఆ తర్వాత తెలిసింది, ఆకలి వేసినా వేయకపోయినా వాళ్ల వేళకు తినాలని. ఒంటికి వేళ కుదిరితే మనసు కూడా కాస్త కుదుటపడుతుంది.

మావారు మాంసం ముట్టరు. నేను గుడ్డు వరకూ తింటాను. మాంసం వద్దు అంటే సరిపోతుందనుకున్నాం. సరిపోలేదు. బీన్స్ వేపుడులో సన్నగా తరిగిన పంది మాంసం వచ్చింది. వాళ్లు మోసం చేయలేదు. వాళ్ల లెక్కలో అది బీన్స్ కూరే, ఆ కాస్త మాంసం రుచికోసం, మనం పోపు వేసినట్టు. మాకు ఉపయోగపడిన మాట వేరు. "వో చి సూ." నేను శాకాహారం తింటాను అని. ఇంకోసారి చెబుతాను. "వో చి సూ." ఆ మాట వినగానే వాళ్లకు బౌద్ధ భిక్షువులు గుర్తొస్తారు. మొహంలో ఒక గౌరవం కనిపిస్తుంది. వంటవాడు బయటికొచ్చి ఒకసారి చూసి, తలూపి లోపలికి వెళ్తాడు. పెద్ద బౌద్ధాలయాల దగ్గర అచ్చంగా శాకాహార భోజనశాలలు కూడా ఉంటాయి.

ఒక వంట పేరు కూడా చెబుతాను. "ది సాన్ షియెన్." బంగాళాదుంప, వంకాయ, బెంగుళూరు మిరపకాయ కలిపి వేయించిన కూర. భూమి ఇచ్చిన మూడు రుచులు అని దాని అర్థం. వంకాయ తెలిసిన నాలుకకు ఆ కూర చుట్టంలాంటిది.

అన్నం మాత్రం నన్ను ఏడిపించింది. విందు భోజనాల్లో అన్నం చివర వస్తుంది. కూరలు ఒక్కొక్కటే వస్తాయి, చల్లారిపోతాయి, మనం అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఇక పెరుగన్నం మాటే లేదు. బీజింగ్ వీధుల్లో చిన్న పింగాణీ జాడీల్లో పెరుగు అమ్ముతారు. పరిగెత్తుకెళ్లి కొన్నాను. తియ్యగా ఉంది. గొట్టంతో పీల్చి తాగాలి. అన్నంలో కలపలేం. ఆ జాడీ చేతిలో పట్టుకుని మా అమ్మను తలుచుకున్నాను.

ఒకరోజు చేత్తో తినాలనిపించింది. అన్నం, ది సాన్ షియెన్, మా ఊరి కారప్పొడి. చెయ్యి కడుక్కొచ్చి కలుపుతున్నాను. భోజనశాల నడిపే ఆవిడ చూసింది. గబగబా లోపలికి వెళ్లి, పల్చటి ప్లాస్టిక్ చేతితొడుగులు తెచ్చి నా ముందు పెట్టింది. అక్కడ పీతలో, రొయ్యలో చేత్తో ఒలుచుకు తినాల్సి వస్తే అవి తొడుక్కుంటారు. నాకు మొదట చిన్నతనంగా అనిపించింది. నా చెయ్యి మురికిదనుకుందా అని. ఆవిడ మొహం చూశాను. అక్కడ అసహ్యం లేదు. నా చేతికి నూనె అంటుతుందన్న కంగారు ఉంది, అంతే. ఒక తొడుగు తీసుకుని, ఎడమ చేతికి తొడుక్కుని, కుడి చేత్తో తిన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

చెప్పక తప్పని ఇంకో సంగతి. మరుగుదొడ్లు. చాలాచోట్ల మన పద్ధతిలోవే ఉంటాయి, కూర్చోవడానికి ఇబ్బంది లేదు. కానీ లోపల నీళ్లుండవు. కాగితం కూడా ఉండకపోవచ్చు. సంచిలో ఒక చిన్న ఖాళీ సీసా, కాస్త కాగితం ఎప్పుడూ ఉంచుకోండి. సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ, ప్రయాణంలో మనిషిని కుంగదీసేవి ఇవే.

డబ్బు దగ్గర కూడా అంతే. ఆ ఏడు మా దగ్గర ఉన్నవి నోట్లే. అక్కడేమో పళ్లబండి ఆయన కూడా ఫోనే చూపిస్తాడు. పీచ్ పళ్లు కొని, ఎంత అని అడిగాను. ఆయన బొటనవేలు, చిటికెనవేలు చాపి, మిగతా మూడు వేళ్లూ మడిచి చూపించాడు. మన దగ్గర అది ఫోను గుర్తు. ఫోనులోనే డబ్బు కట్టమంటున్నాడనుకున్నాను. నా దగ్గర లేదని చేతులు ఊపాను. ఆయన మళ్లీ అదే గుర్తు చూపించాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాం. తర్వాత తెలిసింది, అది ఆరు అంకె. ఆరు యువాన్లు. చైనాలో ఒక్క చేత్తోనే పది దాకా లెక్క చూపిస్తారు. ఆ పది గుర్తులూ బయల్దేరే ముందే నేర్చుకుని వెళ్లండి. డబ్బు కష్టం మాత్రం ఇప్పుడు చాలావరకు తీరింది. 2023 నుంచి అలీపే, వీచాట్ యాప్‌లకు విదేశీ కార్డులు కూడా సులువుగా కలుపుకోవచ్చు. స్కాన్ చేసి కట్టడం మనకు కొత్తేమీ కాదు కదా. అయితే అక్కడి వైఫైలో వాట్సాప్, గూగుల్ తెరుచుకోవు. ఇంట్లోవాళ్లకు ఆ మాట ముందే చెప్పి వెళ్లండి. మేం చెప్పలేదు. రెండు రోజులు మా అమ్మాయి అన్నం తినలేదు.

మెట్రోలో తోసుకుంటారని కూడా నాకు కోపం వచ్చేది. తర్వాత ఒక సంగతి తెలిసింది. ఒలింపిక్స్ ముందు, 2007లో, బీజింగ్‌లో ప్రతి నెలా 11వ తేదీని వరుసలో నిలబడే రోజుగా పెట్టారు. 11 అంకెను ఒకసారి మనసులో రాసి చూడండి. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడ్డట్టు లేదూ? ఒక ఊరు ఊరంతా వరుస నేర్చుకుందన్నమాట. ఆ మాట విన్నాక తోపులాట మీద నా కోపం సగం తగ్గింది.

ఇప్పుడు అయిదో రోజు గురించి చెప్పాలి.

బీజింగ్ నుంచి షియాన్ నగరం చేరాం. రాత్రయింది. వాన. ఒక చిన్న హోటలుకు వెళ్లాం. బల్ల దగ్గర ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. మా పాస్‌పోర్టులు చూసింది. చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చెయ్యి అడ్డంగా ఊపింది. గది లేదు. ఎందుకు లేదు? గోడకు తాళాలు వరసగా వేలాడుతున్నాయి. ఆ పిల్ల ఇంకా నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. వానలో తడిసిన మనుషుల్ని చూసి నవ్వుతుందా? నా రంగు చూసి నవ్వుతుందా? నా చీర చూసి నవ్వుతుందా? గట్టిగా తెలుగులోనే తిట్టాను. పెట్టె లాక్కుంటూ బయటికొచ్చేశాను. "ఏమండీ, ఇంక ఇంటికి వెళ్లిపోదాం. ఒక్క రోజు కూడా ఇక్కడ ఉండలేను" అన్నాను.

వీధిలో పది అడుగులు వేశామో లేదో, వెనక నుంచి పరుగు చప్పుడు. అదే పిల్ల. చేతిలో గొడుగు. నా నెత్తి మీద పట్టింది. మా పెట్టె తీసుకుంది. ఆ వానలో తను తడుస్తూ, రెండు వీధులు దాటించి ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లింది. లోపలికెళ్లి తనే మాట్లాడింది. గది ఇప్పించింది. మళ్లీ అదే నవ్వు నవ్వింది. వెళ్లిపోయింది.

పెద్ద హోటలులో ఇంగ్లీషు వచ్చిన ఒకాయన చెప్పాడు. విదేశీయులు ఎక్కడ దిగితే అక్కడ 24 గంటల్లోగా పోలీసుల దగ్గర పేరు నమోదు కావాలి. ఆ పని హోటలు చేయాలి. ఆ చిన్న హోటలుకు ఆ ఏర్పాటు లేదట. వచ్చిన అతిథిని వాకిట్లోంచి పంపించాల్సి వచ్చింది. ఆ పిల్లకు తల కొట్టేసినట్టయింది. అందుకు నవ్వింది. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు, ఏం చేయాలో తోచనప్పుడు అక్కడ చాలామందికి వచ్చేది ఆ నవ్వే.

వాళ్ల భాషలో "మియెన్‌జ" అనే మాట ఉంది. మియెన్ అంటే మొహం. పరువు, మర్యాద, ఎదుటివాడి ముందు తలెత్తుకోగలగడం, ఇవన్నీ ఆ మొహంలోనే ఉన్నాయి. ఆ మాట వినగానే మనకు ఏం గుర్తొస్తుంది? మొహమాటం. లేదు అని చెప్పలేక నీళ్లు నమలడం. మొహం చెల్లకపోవడం. మన భాషలోనూ సిగ్గు, పరువు మొహంలోనే కదా ఉన్నాయి. నేను ఆ రాత్రి తిట్టింది మొహమాటపడుతున్న పిల్లను. మా ఇంట్లో ఆ వయసు పిల్ల ఉంటే సరిగ్గా అలాగే ఇబ్బందిపడేది.

మర్నాడు ఆ చిన్న హోటలుకు వెళ్లాం. ఆమె లేదు. ఆ పూటకు వేరే వాళ్లున్నారు. ఆమెకు నేను క్షమాపణ చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇంకా నా మీదే ఉంది.

అక్కడి నుంచి వచ్చాక ఆ రోజంతా మావారు నన్ను ఎక్కడికీ కదలనివ్వలేదు. "ఇవాళ ఏదీ చూడొద్దు. పడుకో. లేచాక కాఫీ తాగు" అన్నారు. ఈ మాట మీకూ గట్టిగా చెబుతున్నాను. నాలుగో రోజో అయిదో రోజో మనసు విరిగిపోయే పూట ఒకటి వస్తుంది. ఆ పూట ఏమీ చూడకండి. ఏమీ తేల్చుకోకండి. తలుపేసుకుని నిద్రపోండి.

ఆ తర్వాతి రోజు షియాన్‌లోని పెద్ద హంస గోపురం దగ్గరికి వెళ్లాం. దాని ముందు ఒక భిక్షువు విగ్రహం ఉంటుంది. ఆయన మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. హ్యూయన్‌త్సాంగ్. మన దేశం నుంచి ఆయన మోసుకెళ్లిన గ్రంథాలు దాచడానికి 652లో ఆ గోపురం కట్టారు.

అక్కడ నిలబడితే నాకొక ఆలోచన వచ్చింది. ఈయన కూడా ఒకప్పుడు మన ఊళ్లకు కొత్తవాడే కదా. ఎడారులు, మంచు కొండలు దాటి వచ్చాడు. మన ధాన్యకటకం, అంటే అమరావతి ప్రాంతంలో, నెలల తరబడి ఉండి చదువుకున్నాడు. మన తిండి, మన ఎండ, మన మాట అన్నీ ఆయనకు కొత్త. తిరిగి వెళ్లాక ఏం రాశాడు? ఇక్కడివాళ్లు తినే ముందు కడుక్కుంటారు అని రాశాడు. మిగిలింది మళ్లీ వడ్డించరు అని రాశాడు. పుల్లలతో కాదు, వేళ్లతో తింటారు అని రాశాడు. ఆంధ్రదేశం గురించి చెబుతూ, ఇక్కడి మాట మధ్య భారతపు మాటకంటే వేరు, అక్షరాలు మాత్రం ఇంచుమించు ఒకటే అని రాశాడు. చూసింది చూసినట్టు. చేత్తో తినడం తప్పని ఆయన అనలేదు.

ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకం కొన్నాను. ఎడమ పేజీలో చూసింది రాయడం. కుడి పేజీ ఖాళీగా వదలడం. కారణం ఎప్పుడు తెలిస్తే అప్పుడు నింపడం. ఎడమవైపు, "ఆ పిల్ల నవ్వింది." కుడివైపు, "సిగ్గుతో." ఎడమవైపు, "భోజనశాలలో చెవులు చిల్లులు పడే గోల." కుడివైపు చాలా రోజులకు నిండింది. "రె-నావ్." వేడి, చప్పుడు, ఈ రెండు మాటలూ కలిస్తే ఆ మాట. నలుగురూ చేరి హోరెత్తిపోతుంటేనే అది మంచి చోటని వాళ్ల భావం. మన తెలుగులో దానికి చక్కటి మాట ఉంది. సందడి. పెళ్లింట్లో సందడి లేకపోతే మనకు మాత్రం బాగుంటుందా?

ముందు చూడండి. తర్వాత అడగండి. కోపం ఆ తర్వాత. నాకు ఆ దేశంలో పనికొచ్చిన మందు ఇదొక్కటే.

షియాన్ నుంచి చెంగ్డుకు రాత్రి రైలెక్కాం. వేగంగా పోయే కొత్త రైలు కూడా ఉంది. మాకు పడుకుని పోయే పాత రైలే కావాలనిపించింది. ఒక్కో వరసలో ఆరు బెర్తులు, తలుపు లేదు, మన స్లీపరు క్లాసులాగే. ఎదురుగా నా వయసు ఆవిడ, ఆమె మనవడు. ఆవిడ నన్ను కాసేపు అలాగే చూసింది. నా బొట్టు చూసింది. "యిన్‌దు?" అంది. ఇండియానా అని. అవునన్నాను. మనవడు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. ఆమిర్ ఖాన్. దంగల్ సినిమా. 2017లో ఆ సినిమా చైనాలో విరగబడి ఆడింది.

ఆ తర్వాత ఆవిడ ఒక మాట అడిగింది. "చి ల మా?"

అప్పటికి నాకా మాట వచ్చు. అన్నం తిన్నావా అని. వాళ్లు పలకరించుకునే పాత పద్ధతి అది. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దావిడ వీధిలో పోయేవాళ్లను పలకరించే మాట కూడా అదే కదా. భోజనమైందా?

"చి ల" అన్నాను. అయింది అని.

ఆవిడ ఇంకేదో చాలా చెప్పింది. ఒక్క ముక్కా నాకు అర్థం కాలేదు. సంచిలోంచి పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీసి, విప్పి, మా ఇద్దరి మధ్య బల్ల మీద పోసింది. పంటితో ఎలా చిట్లించాలో చూపించింది. నేను పెట్టె చివర ఉన్న కుళాయి దగ్గరికి వెళ్లి, రెండు ఫ్లాస్కుల్లో వేడినీళ్లు పట్టుకొచ్చి, కాఫీ కలిపి ఆవిడకు ఒక గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మళ్లీ తాగింది.

పది గంటలకు పెట్టెలో దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లో గింజలు చిట్లే చప్పుడు చాలాసేపు వినిపిస్తూనే ఉంది.